మీట నొక్కినా మేలుకోని కంప్యూటరు

మీ కంప్యూటరులో లినక్స్ ఉందనుకోండి. నిన్న రాత్రి దాన్ని అప్‌డేట్ చేశారు. ఈ రోజు మీట నొక్కితే నల్లని తెర మీద కొన్ని తెల్లని అక్షరాలు కనబడి అక్కడే ఆగిపోయింది. రెండు మూడు సార్లు ఆపి, మళ్ళీ వేసి చూశారు. ఫలితం లేదు. వారంలో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. అది ఆ డిస్కులోనే ఉంది. "ఫార్మాట్ చేసి, మళ్ళీ మొదటినుంచీ ఎక్కించడం తప్ప మార్గం లేదు" అని తెలిసినవారెవరో సలహా ఇచ్చారు.

కాస్త ఆగండి. ఆ సలహా పాటిస్తే మాత్రం రిపోర్టు నిజంగానే పోతుంది. ఎందుకంటే అప్‌డేట్ తరువాత కంప్యూటరు మేలుకోకపోయినంత మాత్రాన డిస్కులోని మీ ఫైళ్ళు పోయినట్లు కాదు. చాలా సందర్భాలలో అవి చెక్కు చెదరకుండా ఉంటాయి. కంప్యూటరు మేలుకోవడం ఒక్క అడుగులో జరిగే పని కాదు. ఒక చిన్న ప్రోగ్రాము తనకంటే కొంచెం పెద్ద ప్రోగ్రామును లేపుతుంది, అది మరో పెద్దదాన్ని లేపుతుంది. ఇలా సాగే గొలుసులో ఎక్కడో ఒక లంకె తెగిందన్నమాట. ఆ లంకెలన్నీ ఒకేసారి పుట్టలేదు. ఒక్కొక్కటి ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కొద్దీ వచ్చి చేరాయి. వాటి చరిత్ర తెలిస్తే తెగిన లంకె ఏదో పోల్చుకోవడం కష్టం కాదు.

31 ఆదేశాల ఉపాయం

కంప్యూటరు తానుగా ఏ పనీ చేయలేదు. దాని జ్ఞాపకంలో ఉన్న ఆదేశాలను వరుసగా పాటిస్తుంది, అంతే. అయితే కరెంటు ఇచ్చిన క్షణంలో ఆ జ్ఞాపకం ఖాళీగా ఉంటుంది. బయటినుంచి ప్రోగ్రామును చదివి లోపల పెట్టుకోవాలంటే, ఎలా చదవాలో చెప్పే ప్రోగ్రాము ముందే లోపల ఉండాలి. మరి దాన్ని లోపల పెట్టేదెవరు? విత్తు ముందా, చెట్టు ముందా అన్న చిక్కు ఇది.

ఈ చిక్కుకు చక్కని పరిష్కారాన్ని ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చూడవచ్చు. అక్కడ మారిస్ విల్క్స్ నాయకత్వంలో నిర్మించిన ఎడ్‌శాక్ అనే కంప్యూటరు 1949 మే 6న తొలిసారి పనిచేసింది. దానికోసం 22 ఏళ్ళ డేవిడ్ వీలర్ 31 ఆదేశాల చిన్న ప్రోగ్రామును తయారుచేశాడు. వాటికి 'తొలి ఆదేశాలు' అని పేరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో వాడే ఒక రకం స్విచ్చులలో ఈ ఆదేశాలను తీగల రూపంలో శాశ్వతంగా అమర్చారు. మీట నొక్కగానే ఆ 31 ఆదేశాలూ జ్ఞాపకంలోకి చేరేవి. ఆపైన అవి కాగితపు టేపు మీద రంధ్రాల రూపంలో ఉన్న అసలు ప్రోగ్రామును చదివేవి.

నేటి కంప్యూటర్లన్నీ చేసేది ఈ పనే. తన బూట్ల పట్టీలు తానే పట్టుకొని తనను తాను పైకి లేపుకోవడం అని ఇంగ్లీషులో ఒక నానుడి ఉంది. మన భుజాల మీదికి మనమే ఎక్కడం లాంటిది! కంప్యూటరు తనను తాను లేపుకొంటుంది కనుక, 1950లలోనే ఈ క్రియకు ఆ నానుడిలోని పట్టీల పేరు పెట్టారు. అదే కురచబడి 'బూట్' అయింది.

వేళ్ళతో లేపిన కాలం

తరువాతి కాలపు చిన్న కంప్యూటర్లలో చాలావాటికి ఈ తొలి ఆదేశాలు సిద్ధంగా ఉండేవి కావు. 1965లో వచ్చిన పిడిపి-8 ముందు పలక మీద వరుసగా మీటలుండేవి. పైకి అంటే 1, కిందికి అంటే 0. ఇరవైలోపు ఆదేశాలను మీటలతో ఒక్కొక్కటిగా లోపలికి పంపాలి. అప్పుడే అది కాగితపు టేపును చదవగలిగేది. ఒక్క మీట తప్పుగా పడితే మళ్ళీ మొదటికే.

1975లో ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటరు కోసం బిల్ గేట్స్, పాల్ ఆలెన్‌లు బేసిక్ భాషను రూపొందించారు. దాన్ని ప్రదర్శించడానికి ఆలెన్ విమానంలో ఆల్బుకర్కీ నగరానికి బయలుదేరాడు. దారిలో అతనికి గుర్తుకొచ్చింది: టేపు మీద బేసిక్ ఉంది గానీ, ఆ టేపును చదవమని యంత్రానికి చెప్పే ప్రోగ్రాము లేదు! విమానం దిగేలోగా దాన్ని కాగితం మీద రాశాడు. మరునాడు ఆల్టెయిర్ ముందు పలక మీది మీటలతో దాన్ని లోపలికి ఎక్కించాడు. బేసిక్ పనిచేసింది. ఎంత గొప్ప ప్రోగ్రామయినా, దాన్ని లేపే చిన్న ప్రోగ్రాము లేకపోతే టేపు మీది రంధ్రాలతో సమానమే.

512 బైట్ల ఇరుకు గది

ఐబిఎం సంస్థ 1981 ఆగస్టులో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో ఈ మీటల బాధ లేదు. కరెంటు పోయినా చెరిగిపోని చిప్పులో 'బయాస్' అనే ప్రోగ్రామును ఉంచారు. వీలర్ స్విచ్చులకు ఇది వారసురాలన్నమాట. బయాస్ పరికరాలను పరీక్షించి, డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లను మాత్రం చదివి, పగ్గాలు వాటికి అప్పగిస్తుంది.

1983 నాటికి ఐబిఎం పిసిలోకి హార్డు డిస్కు వచ్చింది. డిస్కును నాలుగు భాగాల వరకు విభజించే పద్ధతి కూడా దానితోపాటే వచ్చింది. ఆ విభజన పట్టికకు 64 బైట్లు, చివరి గుర్తుకు 2 బైట్లు పోగా, ప్రోగ్రాముకు మిగిలింది 446 బైట్లే. ఈ పేరాలోని అక్షరాలు కూడా అందులో పట్టవు! అంత ఇరుకులో ఉండే ప్రోగ్రాము ఎక్కువ పని చేయలేదు. తనకంటే పెద్దదాన్ని ఒకదాన్ని పిలవగలదు, అంతే.

ఎక్కడ ఆగిందో చెప్పే నాలుగక్షరాలు

1991 ఆగస్టులో ఫిన్లండు రాజధాని హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించాడు. అదే లినక్స్. అతడు రాసింది నిజానికి కెర్నెల్, అంటే గింజలోని పప్పు వంటి ప్రధాన భాగం. తొలి రోజులలో దాన్ని ఫ్లాపీ నుంచి లేపేవారు. 1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ హార్డు డిస్కు నుంచే లినక్స్‌ను లేపే 'లిలో' అనే ప్రోగ్రామును రాశాడు.

లిలోకు ఫైళ్ళ పేర్లు తెలియవు. డిస్కు మీద కెర్నెల్ ఏయే గడులలో ఉందో ఆ గడుల సంఖ్యలను ముందే ఒక జాబితాగా రాసి పెట్టుకొంటుంది. ఊరి పేరు తెలియకుండా మైలురాళ్ళు లెక్కపెట్టుకొంటూ నడిచే బాటసారిని ఊహించుకోండి. కొత్త కెర్నెల్ వస్తే అది వేరే గడులలో చేరుతుంది. జాబితాను తిరగరాయకపోతే లిలో పాత గడుల దగ్గరికే వెళుతుంది. అక్కడ ఏముందో ఎవరికి తెలుసు! అప్‌డేట్ తరువాత లినక్స్ మేలుకోకపోవడానికి ఆ రోజులలో ఇది పేరుమోసిన కారణం.

కానీ లిలోలో ఒక గొప్ప సుగుణం ఉండేది. అది తన పేరులోని నాలుగు అక్షరాలను ఒకేసారి అచ్చువేయదు. ఒక్కో దశ దాటాక ఒక్కో అక్షరం చూపుతుంది. తెర మీద ఏ అక్షరమూ రాకపోతే లిలో అసలు మొదలుకాలేదని అర్థం. 'ఎల్' ఒక్కటే వస్తే మొదటి భాగం నడిచింది గానీ రెండో భాగాన్ని తేలేకపోయింది. 'ఎల్ ఐ' దగ్గర ఆగితే రెండో భాగాన్ని తెచ్చింది గానీ నడపలేకపోయింది. మూడో అక్షరం దగ్గర ఆగితే గడుల జాబితా అందలేదు. నాలుగూ వస్తే అంతా సవ్యం. లిలో అభివృద్ధి 2015 చివరలో ఆగిపోయినా, అది నేర్పిన పాఠం నేటికీ పనికివస్తుంది: యంత్రం ఎక్కడ ఆగిందో చూడండి, ఏది చెడిందో అక్కడే తెలుస్తుంది.

లిలో లోపాన్ని సరిదిద్దినది 'గ్రబ్'. ఎరిక్ బోలీన్ 1995లో దీన్ని ప్రారంభించాడు. గ్రబ్ గడుల సంఖ్యల మీద ఆధారపడదు. డిస్కు మీది ఫైళ్ళ అమరికను అర్థం చేసుకొని, కెర్నెల్‌ను పేరుతో వెతికి పట్టుకొంటుంది. అందువల్ల ఒకే డిస్కు మీద పాత కెర్నెల్‌నూ కొత్త కెర్నెల్‌నూ పక్కపక్కన ఉంచి, ఏది కావాలో ఎంచుకొమ్మని మనకు పట్టిక చూపించడం తేలికైంది. ఆ పట్టిక విలువ ముందు ముందు తెలుస్తుంది.

తాళంచెవి పెట్టెలోనే ఉండిపోతే

గ్రబ్ కెర్నెల్‌ను లేపింది. కెర్నెల్ ఇప్పుడు డిస్కులోని మిగిలిన ఫైళ్ళను తెరవాలి. అందుకు ఆ డిస్కును నడిపే డ్రైవర్ ప్రోగ్రాము కావాలి. ఆ డ్రైవర్ ఎక్కడుంది? అదే డిస్కులో! తాళంచెవిని లోపల పెట్టి పెట్టె మూసినట్లయింది. అన్ని రకాల డిస్కుల డ్రైవర్లనూ కెర్నెల్‌లోనే కుక్కితే అది మోయలేనంత బరువవుతుంది.

దీనికీ 1996లో ఆల్మెస్‌బెర్గర్, హాన్స్ లెర్మన్‌లు ఉపాయం చెప్పారు. అవసరమైన డ్రైవర్లను ఒక చిన్న మూటగా కట్టి కెర్నెల్‌తోపాటే జ్ఞాపకంలోకి ఎక్కిస్తారు. కెర్నెల్ ముందుగా ఆ మూట విప్పి, అందులోని తాళంచెవితో అసలు డిస్కును తెరుస్తుంది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్ నుంచి ఈ మూటను 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అంటున్నారు. ప్రతి కొత్త కెర్నెల్‌కూ కొత్త మూట కట్టాలి. కడుతుండగా కరెంటు పోయినా, పాత కెర్నెళ్ళు పేరుకుపోయి బూట్ విభాగంలో చోటు చాలకపోయినా మూట సగమే తయారవుతుంది. అప్పుడు కెర్నెల్ లేస్తుంది, డిస్కు కనబడదు, 'కెర్నెల్ పానిక్' అని తెర మీద రాసి నిలిచిపోతుంది.

పేర్ల మార్పు వల్ల వచ్చిన తంటా మరొకటి ఉంది. పాతకాలపు ఐడిఇ డిస్కును లినక్స్ 'హెచ్‌డిఎ' అని పిలిచేది. కొత్త డ్రైవర్లు వచ్చాక అదే డిస్కు 'ఎస్‌డిఎ' అయింది. 2007లో విడుదలైన ఫెడోరా 7 ఈ మార్పును అమలుచేసింది. ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే 'ఎఫ్‌స్టాబ్' అనే ఫైలులో పాత పేరే ఉంటే, యంత్రం లేని డిస్కు కోసం వెతుకుతుంది. డిస్కు బాగానే ఉంది, చిరునామా మారిందంతే. అందుకే ఇప్పుడు విభాగాలను పేరుతో కాక, ప్రతి విభాగానికీ ఉండే పొడవైన విశిష్ట సంఖ్యతో గుర్తిస్తున్నారు.

సంతకం సరిపోలకపోతే

బయాస్ స్థానంలోకి క్రమంగా 'యుఇఎఫ్ఐ' అనే ఏర్పాటు వచ్చింది. దాని ప్రమాణాలను చూసే సంఘం 2005లో ఏర్పడింది. దీనికి 512 బైట్ల ఇరుకు లేదు. డిస్కులో ఒక చిన్న విభాగాన్ని తెరిచి, అందులోని ప్రోగ్రామును ఫైలుగానే చదువుతుంది. 2012లో విండోస్ 8 తోపాటు 'సెక్యూర్ బూట్' అనే కాపలా కూడా వాడుకలోకి వచ్చింది. నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రామును ఇది నడవనివ్వదు. లినక్స్ వారు ఇందుకోసం 'షిమ్' అనే చిన్న ప్రోగ్రామును ముందు నిలిపారు. యుఇఎఫ్ఐ షిమ్‌ను, షిమ్ గ్రబ్‌ను, గ్రబ్ కెర్నెల్‌ను లేపుతాయి. గొలుసుకు మరో లంకె చేరింది.

లంకె పెరిగితే తెగే చోటూ పెరుగుతుంది. 2020 జూలై 29న గ్రబ్‌లో ఒక భద్రతాలోపాన్ని బయటపెట్టారు. దానికి 'బూట్‌హోల్' అని పేరు. దాన్ని పూడ్చడానికి రెడ్ హ్యాట్ సంస్థ విడుదల చేసిన అప్‌డేట్ వేసుకోగానే, ఆ సంస్థ లినక్స్‌నూ సెంట్‌ఒఎస్‌నూ నడిపే ఎన్నో కంప్యూటర్లు మేలుకోవడం మానేశాయి. దోషం కొత్త షిమ్‌లో ఉంది. గ్రబ్ పట్టిక కూడా కనబడలేదు కనుక పాత కెర్నెల్‌ను ఎంచుకొనే అవకాశమే లేదు. బయటి డిస్కుతో లేపి, పాత షిమ్‌ను వెనక్కి తేవలసి వచ్చింది. కొద్ది రోజులలోనే సంస్థ సరిచేసిన షిమ్‌ను ఇచ్చింది.

ఇది లినక్స్‌కే పరిమితమైన జబ్బు అనుకోకండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన ఫైలు వల్ల ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లు పడకేశాయి. వాటి సంఖ్య 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. మందు ఏమిటో తెలుసా? యంత్రాన్ని కనీస దశలో లేపి, ఆ ఒక్క ఫైలును తీసివేయడం. అన్ని లక్షల యంత్రాలను ఫార్మాట్ చేయవలసిన పని లేకపోయింది.

ఇక మీ కంప్యూటరు సంగతి

ఇప్పుడు తెర వైపు చూడండి. గొలుసు ఎక్కడ తెగిందో అది చెబుతోంది.

తయారీదారు బొమ్మ కూడా రాకపోతే చిక్కు పరికరాలది. దానికీ లినక్స్‌కూ సంబంధం ఉండకపోవచ్చు. బొమ్మ వచ్చి, సంతకం చెల్లలేదన్న సందేశమో, 'బూట్ పరికరం లేదు' అన్న మాటో కనబడితే తెగింది యుఇఎఫ్ఐ, షిమ్‌ల దగ్గర. 'గ్రబ్ రెస్క్యూ' అని వస్తే గ్రబ్ మొదటి భాగం లేచింది గానీ తన మిగిలిన భాగాలను చేరలేకపోయింది.

గ్రబ్ పట్టిక వచ్చిందా? సగం గెలిచినట్లే. పట్టిక దానంతటది రాకపోతే, యంత్రం లేస్తుండగా ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కి చూడండి. 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోకి వెళ్ళి నిన్నటి వరకు పనిచేసిన పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. దాంతో యంత్రం లేచిందంటే దోషం కొత్త కెర్నెల్‌లోనో, దాని మూటలోనో ఉందని తేలిపోయింది. బూట్ విభాగంలో చోటుందో లేదో చూసి, మూటను మళ్ళీ కట్టించాలి. డెబియన్, ఉబుంటు కుటుంబంలో ఈ పనిని 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' చేస్తుంది. ఫెడోరా కుటుంబంలో 'డ్రాకట్' చేస్తుంది.

'ఎమర్జెన్సీ మోడ్' అని వచ్చి సంకేతపదం అడిగితే కెర్నెల్, మూట రెండూ బాగున్నట్లే. ఎక్కువగా ఎఫ్‌స్టాబ్‌లో తప్పు వరుస ఉంటుంది, లేదా ఒక విభాగాన్ని పరీక్షించి సరిచేయవలసి ఉంటుంది. అంతా నడిచి చివరికి తెర మాత్రమే నల్లగా ఉంటే, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల తెర వస్తే యంత్రం మేలుకొనే ఉంది. బొమ్మలు చూపే గ్రాఫిక్స్ డ్రైవరే కొత్త కెర్నెల్‌తో కుదురుకోలేదన్నమాట.

పాత కెర్నెల్ కూడా లేవకపోతే బయటినుంచి లేపాలి. జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ 2000లో 'నాపిక్స్' విడుదల చేశాడు. హార్డు డిస్కును ముట్టుకోకుండా సీడీ నుంచే లినక్స్ మొత్తాన్ని నడపవచ్చని అది ఎందరికో చూపింది. నేడు ఆ పనిని పెన్‌డ్రైవ్ చేస్తుంది. స్నేహితుని కంప్యూటరులో అలాంటి పెన్‌డ్రైవ్ తయారుచేసుకొని, దానితో మీ యంత్రాన్ని లేపండి. 'ఇన్‌స్టాల్' జోలికి పోకుండా, 'ప్రయత్నించి చూడు' అన్నదాన్ని ఎంచుకోండి. మీ డిస్కు తెరుచుకొంటుంది. రహస్య లిపిలో భద్రపరచిన డిస్కయితే మీ సంకేతపదం కావాలి. మరమ్మతుకు ముందే ప్రాజెక్టు రిపోర్టును వేరే డిస్కులోకి నకలు తీయండి. ఆ తరువాత చేయి వణకవలసిన అవసరం ఉండదు.

మరమ్మతుకు 1979 నాటి యూనిక్స్ ఏడో కూర్పుతో వచ్చిన 'క్రూట్' అనే సాధనం తోడ్పడుతుంది. పెన్‌డ్రైవ్ లినక్స్‌లో ఉంటూనే, మీ డిస్కులోని లినక్స్‌లో కూర్చున్నట్లు పనిచేసే వీలు ఇది కల్పిస్తుంది. ముందుగా మీ డిస్కు ప్రధాన విభాగాన్నీ, బూట్ విభాగం, యుఇఎఫ్ఐ విభాగం విడిగా ఉంటే వాటినీ తగిలించాలి. తరువాత క్రూట్‌తో లోపలికి వెళ్ళి, సగంలో ఆగిన అప్‌డేట్‌ను పూర్తిచేయించి, మూట కట్టించి, గ్రబ్‌ను తిరిగి అమర్చాలి. ఈ పనులలో ఏదీ మీ సొంత ఫైళ్ళను తాకదు.

ఈసారి అప్‌డేట్ మొదలుపెట్టే ముందు మూడు సంగతులు చూసుకోండి. బూట్ విభాగంలో చోటుందా? కరెంటు పోయినా పని సాగే ఏర్పాటు, లాప్‌టాప్ అయితే నిండుగా బ్యాటరీ, ఉందా? పనిచేస్తున్న పాత కెర్నెల్ కనీసం ఒకటి మిగిలి ఉందా? ఆ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 ఈ సూత్రాన్నే ఫోన్లకు అందించింది. ఆండ్రాయిడ్‌లోనూ ఉన్నది లినక్స్ కెర్నెలే. ఈ ఏర్పాటున్న ఫోన్లలో సిస్టమ్‌కు రెండు అరలుంటాయి. ఒక అర నుంచి ఫోను నడుస్తుండగా కొత్త కూర్పు రెండో అరలోకి చేరుతుంది. కొత్తది లేవకపోతే ఫోను పాత అరకే తిరిగి వస్తుంది. కొత్తది నిలదొక్కుకొనే దాకా పాతదాన్ని తుడిచివేయరు. మీ కంప్యూటరులో గ్రబ్ పట్టికలోని రెండో వరుస చేసే పని కూడా అదే.